పీచుమిల్లు తాళం

కోర్టులో నిజంతో పనిలేదని, లాయరు గొంతు పెద్దదైతే చాలునని కోనసీమలో చాలామంది నమ్ముతారు. పోలిరాజు నమ్మడంతో ఆగలేదు. ఆ నమ్మకం మీదనే దావా వేశాడు.

కొత్తపేట దగ్గరి కొబ్బరిపీచు మిల్లు అతనిదీ, కుమారస్వామిదీ. కుమారస్వామి మిల్లుకి తాళం వేసి పని ఆపించాడని, అతణ్ణి భాగస్వామ్యంలోంచి తప్పించి మిల్లు తనకే అప్పగించాలని ఆ దావా.

విచారణనాడు పోలిరాజు అమలాపురం బస్సెక్కాడు. కిటికీ పక్కన నేతచీర కట్టుకున్న ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

“ఇక్కడ కూర్చోవచ్చాండీ?”

“ఆయ్, కూర్చోండి.”

“ఎందాకానండీ?”

“కోర్టుకండి.”

“అయితే ఇద్దరిదీ ఒకటే ఖర్మ. మీదేం తగువండీ, పొలమా?”

ఆవిడ నవ్వింది.

“నాది మిల్లు తగువండీ. మా కుమారస్వామి హైదరాబాదు నించి లాయర్ని దింపుతున్నాడంట. ఇరవయ్యేళ్ళుగా కంపెనీల తగాదాలే వాదించేడంట. రానివ్వండి. సూటేసుకొచ్చే దొరగారికి పీచేదో పొట్టేదో తెలుస్తుందాండీ?”

ఆవిడ చటుక్కున తిరిగింది.

“మీరు పోలిరాజుగారాండీ?”

“ఆయ్. మన పేరు అంతదూరం వెళ్ళిందన్నమాట.”

“ఆ కేసు సంగతి నాతో మాట్లాడకండి. నేనెవరో ముందు...”

“ఎవరైతే ఏంటండీ, టీచరమ్మగారిలా ఉన్నారు. మార్కులు తగ్గిస్తారా ఏంటి?” అంటూ గొంతు తగ్గించాడు. “తాళం ఆడు వెయ్యలేదండీ. నేనే వేసేను. తాళంచెవి నా జేబులోనే ఉంది.”

ఆవిడ ఒళ్ళోని సంచీ అందుకుంది.

“ఈ మాట నాకు చెప్పకుండా ఉండాల్సిందండి,” అని లేచి, ముందు సీటులోకి వెళ్ళిపోయింది.

భయస్తురాలు, అనుకున్నాడు పోలిరాజు.

కోర్టులో కేసు పిలిచారు. కుమారస్వామి తరఫున నల్లకోటుతో, మెడలో తెల్లపట్టీతో లేచిన మనిషిని చూడగానే పోలిరాజు జేబులోని తాళంచెవిని గట్టిగా పట్టుకున్నాడు.

బస్సులో ఆవిడే. పేరు నాగమణి. హైదరాబాదు లాయరు, పుట్టింది మాత్రం కోనసీమలోనే.

అతను జరిగినదంతా తన లాయరు భాస్కర్ చెవిలో ఊదాడు.

భాస్కర్ చేతిలోని కాగితాల కట్ట మూసేశాడు.

“ఎంత పని చేసేరండీ,” అన్నాడు. “అయినా కంగారుపడకండి. ఆవిడ వాదనలో చెప్పినా అది సాక్ష్యం కాదు. కేసు నడిపే లాయరు బోనెక్కి సాక్ష్యం చెప్పే పద్ధతి లేదు.”

పోలిరాజు ఊపిరి పీల్చుకున్నాడు.

నాగమణి జడ్జిగారికి నమస్కరించింది.

“ఈ కేసులో నా వకాల్తా వదులుకోవడానికి అనుమతి ఇప్పించండి. నా క్లయింటు ఒప్పుకున్నారు.”

పోలిరాజు ఆనందం పట్టలేక భాస్కర్ చెయ్యి నొక్కాడు.

భాస్కర్ చెయ్యి చల్లగా ఉంది.

జడ్జిగారు అనుమతించారు.

నాగమణి మెడలోని తెల్లపట్టీ విప్పి బల్లమీద పెట్టింది.

ప్రతివాది తరఫు మొదటి సాక్షిగా ఆమె పేరు నమోదైంది.