పక్క సీటు బెల్టు

మా ఆయన పాత కార్లు బాగుచేస్తారు, వాటి సీట్లు నేను కుడతాను. ఇప్పుడు బాగుచేస్తున్న ర్యాలీ కారు చరిత్ర తెలుసుకుందామని, అప్పట్లో దాన్ని నడిపిన పెద్దాయన్నే షెడ్డుకి పిలిపించారు.

"ఆఖరి ర్యాలీలో మీ పక్కన కూర్చుని దారి చెప్పినతను ఏమయ్యాడండీ?" అని అడిగారు మా ఆయన.

"కొండ మీద భయపడి దిగి పారిపోయాడయ్యా. ఇంటిక్కూడా చేరలేదట, పిరికి సన్నాసి!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. పక్క సీటు కింద పొద్దున దొరికిన పాత బెల్టు ముక్క నా చేతిలోనే ఉంది. బకిల్ పెట్టింది పెట్టినట్టే ఉంది. దాని పైన బెల్టుని కత్తితో కోసేశారు.

దిగిపోయే మనిషి బకిల్ తీస్తాడు గానీ బెల్టు కోసుకోడు కదా, భగవంతుడా!

"ఏవండీ, ఒక్కసారి ఇలా రండి."

"గట్టిగా చెప్పవే తల్లీ, నీ మాట పెదవి దాటదు!"

పెద్దాయన నా చేతి వంక చూశారు. నవ్వడం మానేశారు.

"కొండదారిలో ఓసారి తిప్పి చూద్దామయ్యా. నువ్వు పక్కన కూర్చో."

మా ఆయన చిన్నపిల్లాడిలా ఎక్కి, నేను కుట్టిన కొత్త బెల్టు పెట్టుకున్నారు.

"దిగండి!" అని అరిచాననే అనుకున్నాను.

ఇంజిన్ మోతలో ఆయన నవ్వుతూ నాకు చెయ్యి ఊపారు.