గుండుసూది పరీక్ష

మా ఆయన యెల్లప్ప జన్మలో రగ్బీ చూసినవాడు కాదు. దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటు వచ్చిన మరుసటేడు మా డర్బన్‌లో ఊరంతా ప్రపంచకప్ రగ్బీ చూస్తుంటే, తనకూ కొత్తగా దేశభక్తి పుట్టుకొచ్చింది. టీవీ ఏరియల్ తిప్పడానికి ఇంటి కప్పెక్కాడు. జారి సిమెంటు నేల మీద వెల్లకిలా పడ్డాడు.

పరుగెత్తుకెళ్లి నేను మొదట అడిగిన మాట, "ఏరియల్ ఇరిగిందా?"

ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఇల్లాలిని నేను.

"ఏరియల్ బాగుందే. నా కాళ్లే యాడున్నాయో తెల్దు," అన్నాడు.

ఆస్పత్రిలో డాక్టర్ జ్ఞానప్రసూన చూసింది. ఆంధ్రా నుంచి కొత్తగా ఉద్యోగానికొచ్చిన పిల్ల. చెరకు తోటల పనికి ఇక్కడికొచ్చిన మా తాతల నాటి తెలుగు విని నవ్వాపుకుంది.

"వెన్నులో నరాల తాడు నలిగిందమ్మా. దెబ్బ తగిలిన ఎనిమిది గంటల్లోపు ఈ మందు మొదలుపెట్టాలి. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు."

మూడో గంటకే సీసా వేలాడదీశారు. ఒక రోజంతా ఎక్కించారు.

"పాదాల్లో స్పర్శ వస్తే శుక్రవారం నడక నేర్పే వార్డుకి పంపుతాం," అంది.

"రాకపోతే?"

"చక్రాల కుర్చీలో ఇంటికి."

రెడ్‌హిల్‌లో మా ఇంటికి పద్దెనిమిది మెట్లు.

నేను సగం అర్థం చేసుకుని, మొత్తం అర్థమైనట్టు తలూపి, ఆయన దగ్గరికెళ్లాను.

"రోజూ డాక్టరమ్మ నీకు టెస్ట్ పెడతాది. పాసైతే నడక వార్డు. మొగోడిలా గట్టిగా ఉండు."

ఉపన్యాసాలివ్వడంలో నన్ను మించినవాళ్లు లేరు.

డాక్టరమ్మ రోజూ ఆయన కళ్ల మీద తువ్వాలు కప్పి, పాదాల మీద గుండుసూదితో గుచ్చేది.

"నొప్పి ఉందా, అంకుల్?"

"నో పెయిన్, డాక్టర్."

ఆ గొంతులో ధైర్యానికి నేను కొంగుతో కళ్లొత్తుకునేదాన్ని. తువ్వాలు తీస్తే నుదురంతా చెమట. జ్వరమొచ్చిందని నర్సు షర్లీతో పోట్లాడాను. ఆమె థర్మామీటర్ పెట్టి జ్వరం లేదంటే, థర్మామీటరే చెడిపోయిందన్నాను. నేను ఏనాడూ థర్మామీటర్ చదివినదాన్ని కాదు.

"ఇంకో సీసా ఎక్కించమ్మా," అని డాక్టరమ్మని పట్టుకున్నాను.

"ఆ మందుకి గడువు దాటిపోయిందమ్మా."

శుక్రవారం పెద్ద డాక్టర్ డెన్నిస్ వచ్చాడు. ఆయన చెయ్యి బరువు. బొటనవేలి నుంచి మడమ దాకా గుచ్చుకుంటూ పోయాడు.

"నో పెయిన్, సర్," అన్నాడు మా ఆయన, మునుపటికన్నా గట్టిగా.

డెన్నిస్ కాగితం మీద ఏదో కొట్టేశాడు. జ్ఞానప్రసూన నన్ను తలుపు దగ్గరికి తీసుకెళ్లింది.

"మందు పనిచెయ్యలేదమ్మా. కుర్చీకి రాస్తున్నాం."

మంచం దగ్గరికొచ్చి, ఏడవకూడదని ఒట్టేసుకుని, వార్డులో అందరూ లేచి చూసేలా ఏడ్చాను. లేవగలిగినవాళ్లు లేచారు.

"ఏమైందే?"

"నువ్వు ఫెయిలంట. నడక వార్డు లేదంట."

ఆయన ముఖం జేవురించింది. నన్ను వదిలేసి, వెళ్లిపోతున్న డాక్టర్లకి వినపడేలా గొంతెత్తాడు.

"ఇరవై రెండేళ్లు గుళ్లో నిప్పులు తొక్కినోణ్ణి, ఆ సూది దిగినప్పుడల్లా పేణం పోతన్నా ఒక్కసారన్నా 'అబ్బా' అన్నానా, నేనెట్టా ఫెయిలవుతా?"