మత్తు దిగేలోపు

ముంగాలి గిట్ట పైన మత్తుసూది వేసి, పశువుల డాక్టరైన తమ్ముడు గుర్రాన్ని మళ్ళీ పరిగెత్తించమన్నాడు. అక్క కళ్లెం పట్టుకుని పక్కనే పరుగందుకుంది. ఇందాకటిదాకా అడుగడుక్కీ తలెగరేస్తూ కుంటిన గుర్రం, ఇప్పుడు నాలుగు కాళ్ళ మీదా సమంగా సాగింది.

"తగ్గిపోయిందిరా," రొప్పుతూనే నవ్వింది అక్క.

తమ్ముడు తలెత్తలేకపోయాడు. "తగ్గలేదక్కా. నొప్పి ఆ గిట్టలోనే ఉందని తేలింది, అంతే. ఎక్స్‌రేలో కనిపించినట్టే లోపల ఎముక పుచ్చిపోయింది. ఇక ఇంకో సూదేసి బాధపడకుండా సాగనంపడమే. కాసేపట్లో మత్తు దిగిపోతుంది."

అక్క సీసాతో పాలు పట్టి పెంచిన గుర్రమది. ఆమె దాని మెడ నిమిరింది.

"అంటే ఇప్పుడు దానికి నొప్పి లేదుగా?"

"లేదు."

"అయితే ఇప్పుడే సాగనంపెయ్. మళ్ళీ కుంటేదాకా ఉంచకు."

తమ్ముడు మందుల పెట్టె వైపు నడిచాడు.

"ఒక్క చుట్టు తిప్పుకొస్తాను. ఈలోగా సిద్ధం చేసుకో," అంటూ ఆమె గుర్రంతో కలిసి పరుగెత్తింది.