ఒరెస్తే తుపాకికి దొరికిన బోల్టు

మీ ఇంట్లో ఎవరైనా కనబడని కట్లతో బతుకుతున్నారా?

ఇటలీలోని మా తోరినో నగరంలో, పాతసామాన్ల సంతలో, ఒరెస్తేకు తాను కూర్చుకుంటున్న పాత తుపాకికి కావలసిన ఆఖరి భాగం, తూటా పెట్టే చోటిని మూసే బోల్టు, దొరికింది. ఫాసిస్టుల కాలంలో బడిపిల్లలకు కవాతు నేర్పిన చిట్టి తుపాకి అది. వంటింట్లో బోల్టు బిగించి, తుపాకి భుజానికెత్తి, నిటారుగా నిలబడిపోయాడు.

"దీనికోసం బతుకంతా సంతలు తిరిగావు. ఇక కూర్చోవయ్యా, పొలెంటా సంకటి చల్లారిపోతోంది," అంది భార్య ఎల్విరా.

"కూర్చోకూడదే! చిన్నప్పుడు బోల్టు పారేసుకున్నానని డ్రిల్లు మాస్టరు ఎండలో నిలబెట్టాడు. దొరికేదాకా కదలొద్దన్నాడు. ఇంటికి పొమ్మనకుండానే యుద్ధానికెళ్లిపోయాడు."

ఎల్విరా గరిటె కిందపెట్టి డ్రిల్లు మాస్టరులా గొంతు పెంచింది. "దొరికిందిగా, అబ్బాయ్! ఇంటికి పో!"

డెబ్బయ్యేళ్ల ఒరెస్తే కుర్చీలో కూలబడి ఏడ్చాడు.

చనిపోయిన లాజరును సమాధిలోంచి లేపిన ప్రభువు, అతని ఒంటికి చుట్టిన కట్లు విప్పే పని పక్కవాళ్లకే వదిలాడు. లేవండి, ఈరోజే వెళ్లి మీవాళ్ల కట్లు విప్పండి!