ఆదివారం అప్‌డేట్

"ఎటు పోవాలో చెప్పమ్మా. ఎతకబోను పడవలో డీజిల్ పోసి పెట్టినా," అన్నాడు జయరామయ్య, మత్స్యకార సొసైటీ ఆఫీసు గుమ్మంలో నిలబడి.

భానుప్రియ కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. తిప్పి చెప్పడానికేముంది? పొద్దున పదింటికల్లా ఒడ్డుకు రావాల్సిన మాల్యాద్రి పడవ మధ్యాహ్నం మూడున్నరైనా రాలేదు. గాలి మళ్ళింది. పడవలో ముగ్గురు. పడవకు బిగించిన చిన్న యంత్రం తానెక్కడుందో నిమిషానికోసారి చెబుతూనే ఉంటుంది. అది విని తెర మీద చుక్క పెట్టే ప్రోగ్రామే ఇవాళ లేదు.

లేకుండా చేసింది తనే. పొద్దున వచ్చీ రాగానే, కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ అప్‌డేట్ అడిగితే చదవకుండా అవునని నొక్కింది. అది ప్రోగ్రాములన్నీ వాడుకునే సరంజామా, అదే లైబ్రరీలు, కొత్తవి తెచ్చుకుంది, పాతవి పీకేసింది, పాతవాటి మీద ఆధారపడ్డ చుక్కల ప్రోగ్రామునూ వాటితో పాటే ఊడ్చేసింది.

మళ్ళీ ఎక్కించబోతే ఒకటే పాట. పాత లైబ్రరీ కావాలి, అది దొరకదు. ప్రోగ్రాములు దాచిపెట్టే లైనక్స్ వాళ్ళ రిపోజిటరీలో అసలా ప్రోగ్రామే లేదాయె. ముఖేష్ తయారుచేసి తన సొంత రిపోజిటరీలో పెట్టుకున్నాడు. ఈ ఊరివాడే, నెల్లూరులో ఉద్యోగం, సెలవలకు వచ్చిపోతుంటాడు. కొత్త లైబ్రరీకి సరిపడేలా దాన్ని మార్చడం అతనొక్కడి వల్లే అవుతుంది. "అక్కా, అప్‌డేట్ అడిగితే నాకు ఫోన్ చెయ్. నీ అంతట నువ్వు అవును కొట్టబాక" అని లక్షసార్లు చెప్పాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఫోన్ చేస్తుంది? మూడు మెయిళ్ళు పెట్టింది. జవాబు లేదు. ఆదివారం కదా, పడుకుని ఉంటాడు.

మాల్యాద్రి భార్య ధనలక్ష్మి వసారాలో రేకు పెట్టె మీద కూర్చుని ఉంది. తెల్లవారుజామున వేటకు పోయేవాళ్ళు, ఉప్పునీళ్ళు తగిలితే పాడవుతాయని ఫోన్లు అందులో పడేసి పోతారు. మిగతా పడవలవాళ్ళు ఎప్పుడో వచ్చి తమవి తీసుకెళ్ళారు. ఇంకా మూడున్నాయి.

"మూడో మనిషెవరత్తా? పైవాళ్ళకు పేర్లు పంపాలి. మాల్యాద్రి మామ, పోలేరయ్య, ఇంకోరు హజరత్తయ్యేనా?"

"వాడికి జొరం. ఇంట్లో పడున్నాడు. బదులెవురో ఎక్కినారంట."

"ఎవరని అడగలేదా?"

"బయల్దేరేవాళ్ళని ఎక్కడికి, ఎవురితో అని అడగతామా తల్లీ?" ధనలక్ష్మి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అడిగుండాల్సింది."

"ఇంకో రెండు గంటలకి చీకటి పడద్ది," జయరామయ్య గొంతు తగ్గించాడు. "ఉత్తరానికా, దక్షిణానికా? ఆ ఒక్క ముక్క చెప్పు చాలు."

భానుప్రియ మెయిల్ మళ్ళీ తెరిచి చూసింది. ఒక్కరూ తిట్టడం లేదు, అదే భరించలేకుండా ఉంది. తిడితే బాగుండును. చేతులారా ముగ్గురి కొంప ముంచి కూర్చుని, ఇంకా పరువు చూసుకుంటోంది. ఛీ అనిపించింది. కాళ్ళైనా పట్టుకుందామని ఫోన్ తీసి ముఖేష్ నంబరు నొక్కింది. తిడితే తిట్టనీ. పది నిమిషాల్లో బాగుచేసి పెడతాడు. పొద్దుట్నించీ మొదటిసారి కాస్త ఊపిరాడింది.

చెవిలో రింగ్ పోతోంది.

"ఎత్తు నాయనా, ఎత్తు," అని గొణుక్కుంటోంది.

వసారాలో ధనలక్ష్మి ఉలిక్కిపడి లేచింది. తన కిందే ఏదో మోగుతోంది. జయరామయ్య గబగబా వెళ్ళి పెట్టె మూత ఎత్తాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని భానుప్రియ కూడా వచ్చి తొంగి చూసింది.

ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన మూడు ఫోన్లలో ఒకదాని మీద 'భానక్క' అని వెలుగుతోంది.