ఆకు తిన్న ఎలుకలు

చిక్కుడు గింజంత గుండె. పట్టకారుతో జాగ్రత్తగా ఎత్తి గాజు పళ్లెంలో పెట్టింది కోడలు.

షుగరున్న ఎలుకది. అయినా గుండె కండరం చెక్కుచెదరలేదు. ఆకులోంచి తీసిన పసుపుపచ్చ పొడే దాన్ని కాపాడినట్టుంది.

ఆ రోజు ల్యాబు నుంచి ఇంటికొస్తుంటే ఆమె కాళ్లు భూమ్మీద ఆనలేదు.

భోజనాల దగ్గర అత్తగారికి అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ మొక్క మన గేటు పక్క కంచెలోదేనని కూడా చెప్పింది.

అత్తగారికి ఏళ్ల తరబడి షుగరు. ఈమధ్యే గుండె కూడా మొరాయిస్తోంది.

"అయితే ఆ ఎలుకలిప్పుడు బాగున్నాయన్నమాట!" అందావిడ, కళ్లింత చేసుకుని.

చీమను తొక్కినా రోజంతా బాధపడే మనిషి. పైగా నోట్లో ముద్ద ఉంది.

"బాగున్నాయత్తయ్యా," అనేసింది కోడలు.

మర్నాటి నుంచి వీధంతా ఒకటే టాంటాం. మా కోడలు గుండెకు మందు కనిపెట్టింది!

నెల తిరక్కుండానే ఆవిడ మెట్ల మీద కూలబడింది. ఊపిరి అందలేదు.

ఆసుపత్రికి బట్టలు సర్దుతుంటే చీరల మడతల్లో మాత్రల అట్టలు దొరికాయి. ఒక్క మాత్రా తియ్యలేదు. వంటింట్లో గిన్నెడు ఆకు మరిగించిన నీళ్లున్నాయి.

"ఇంకోసారి మాత్రలు మానేస్తే నా చేతుల్లో ఏమీ ఉండదమ్మా," అని చెప్పి వెళ్లాడు డాక్టరు.

మంచం మీది అత్తగారు మాత్ర వంక చూడనైనా చూడలేదు.

"నీ ఆకుండగా నాకిదెందుకే? ఇంకొన్నాళ్లు తాగితే అదే సర్దుకుంటుంది. నీ ఎలుకలు బాగున్నాయిగా!"

కోడలి మీద ఇంత నమ్మకం ఇంకెవరికీ లేదు.

"లేవత్తయ్యా."

"ఏంటి లేవు?"

"ఎలుకలు. గుండె ఎలా ఉందో చూడాలంటే కొయ్యాలి. అన్నిట్నీ కోసేశాం. ఆ రోజు మీరు అన్నం తింటున్నారని చెప్పలేకపోయాను. మనుషులకు ఆ ఆకు పనిచేస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలీదు."

అత్తగారు చెయ్యి చాపింది.

మాత్ర వేసుకుని నీళ్లు తాగింది.

"పాపం," అంది, గ్లాసు తిరిగిస్తూ. "గుండె బాగుండి కూడానా?"