గొడుగు పట్టుకొని దిగింది

కర్దనూరులోకి జీపు వచ్చిందంటే రెండే కారణాలు. ఎన్నికలు, లేదా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు.

ఎన్నికలు పోయిన ఏడాదే అయిపోయాయి.

అందుకే 1986 ఫిబ్రవరిలో ఆ మధ్యాహ్నం జీపు ఊళ్ళోకి మళ్ళగానే పెళ్ళయిన మగవాళ్ళంతా జొన్నచేలల్లోకి, ఆడవాళ్ళంతా తలుపుల వెనక్కి పోయారు. పొయ్యిల మీది పాలు మాత్రం ఎక్కడివక్కడ పొంగాయి.

జీపు దిగిన కౌసల్య హైదరాబాదు సైంటిస్టు. తన జీపుకు ఇంత పలుకుబడి ఉందని ఆమెకు తెలియదు.

ముందురోజు హైదరాబాదులో ఎగరేసిన పెద్ద బెలూన్‌కు కట్టిన పెట్టె, గాలివాటున కొట్టుకొచ్చి ఇక్కడెక్కడో పారాషూట్‌తో దిగింది. అందులో నల్ల కాగితంలో చుట్టిన ఫొటో పలకలున్నాయి. నక్షత్రాల అవతలి నుంచి వచ్చే కణం పలకలోంచి దూసుకుపోతే గీత పడుతుంది. కడగకముందే వెలుతురు తగిలిందా, గీతా ఉండదు, ఆమె ఆరేళ్ళ పనీ ఉండదు.

రెండు పెట్టెలు అలాగే పోయాయి. ఇది మూడోది. ఇదీ పోతే నాలుగోది ఇచ్చేది లేదని పైవాళ్ళు ముందే చెప్పేశారు.

ఊరంతటిలో కనిపించింది ఒక్క ముసలామె. అరుగు మీద కూర్చుని తాపీగా చింతపండు గింజ తీస్తోంది.

"అందరూ ఏమయ్యారవ్వా?"

"నిన్ను జూసి ఉర్కిన్రు బిడ్డా. నీ జీపుతోని నష్టం నాకే, గయినా నేనొక్కదాన్నే కూసున్న."

కౌసల్యకు అర్థం కాలేదు.

"నీకెందరు పిల్లలు?"

"లేరు."

"గందుకేనా, మాకు గూడ వద్దంటున్నవు?"

ఇప్పుడు అర్థమైంది. "అయ్యో, నేను ఆపరేషన్ల మనిషిని కాదవ్వా! పైనుంచి ఒక పెట్టె పడింది. దానికోసం వచ్చాను."

"పడలే. గొడుగు పట్టుకొని దిగింది. మా పోచయ్య చెలకల."

పోచయ్య ఆమె కొడుకు. ముసలామె వెంట వెళ్ళి చూస్తే, పారాషూట్ గుడ్డ అప్పటికే అతని పశువుల కొట్టానికి కప్పయింది. పెట్టె మూత ఊడి గోడవార పడి ఉంది. అందులో ఒక కోడి కాపురం పెట్టింది.

కౌసల్య కోడిని తోలి పెట్టెలో వెతికింది. "ఇందులో నల్ల పొట్లం ఉండాలి!"

"అర్రల వెట్టిన. దిగినప్పుడు రాయి గీరుకొని కాయితం జెర మూలకు చినిగింది" అంది ముసలామె.

కౌసల్య పరుగున లోపలికి వెళ్ళింది.

అర్ర తలుపు మూసి ఉంది. పైన వేపమండలు, గడప పక్కన సన్నగా పొగ. 'నా పలకలకు పూజ కూడా మొదలెట్టారన్నమాట' అనుకుంది.

"అది దేవుడు కాదవ్వా. చదువుకున్నవాళ్ళు చూడాల్సిన వస్తువు. నీకు తెలీదు, జరుగు."

తలుపు మీద చెయ్యి వేసింది.

ముసలామె ఆ చేతి మీద ఒక్కటేసింది. "తలుపు తీస్తవేంది! వెల్తురు తాకుతది!"

అది తను అనాల్సిన మాట. కౌసల్య చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పొద్దు గూకనియ్యి. నేనే తెచ్చిస్త. గందాక చాయ్ తాగు."

పొద్దు గూకింది. ముసలామె దీపం లేకుండానే లోపలికి పోయి, పాత చీరలో ఏడెనిమిది మడతలు చుట్టిన పొట్లాన్ని చేటలో పెట్టి తెచ్చింది.

"కింద చెయ్యి వెట్టి పట్టుకో. గట్ల గాదు, గిట్ల."

కౌసల్య పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని జీపెక్కింది. తొందరలో ఆ ముసలామె పేరైనా అడగలేదు.

పలకలు కడిగితే మూలన వేలెడంత నల్లబడి ఉంది, అంతే. మిగతా చోట ఒక గీత సూటిగా వచ్చి, ఉన్నట్టుండి చీపురులా విచ్చుకుంది. అలాంటిది వాళ్ళెవరూ అంతకుముందు చూడలేదు. పైవాళ్ళు నాలుగో పెట్టెకు ఒప్పుకున్నారు.

ఏడాది తిరిగేసరికి కౌసల్య వ్యాసం అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో బెలూన్ అతికినవాళ్ళున్నారు, జీపు డ్రైవరున్నాడు, క్యాంటీన్ వాళ్ళు కూడా ఉన్నారు. అచ్చులో చూసుకున్నాకే, లేని పేరు గుర్తొచ్చింది.

మర్నాడు కౌసల్య బస్సులో వెళ్ళింది. జీపు కాదు కనుక ఊరు ఊళ్ళోనే ఉంది.

పోచయ్య అప్పుడే ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చాడు.

"అమ్మ ఇస్మాయిల్‌ఖాన్‌పేటకు వోయింది మేడం. ఎప్పుడొస్తదో ఆమెకే తెల్వదు."

"ఆమె పేరేంటి?"

"ఆగమ్మ."

కౌసల్య రాసుకుంది. గీత ఫొటో అతని చేతిలో పెట్టింది. "ఇది మీ అమ్మ కాపాడింది. ఈసారి వ్యాసం కృతజ్ఞతల్లో మొదటి పేరు ఆమెదే. అవునుగానీ, వెలుతురు తగలకూడదని ఆమెకు ఎవరు చెప్పారు?"

పోచయ్య నవ్వాడు.

"ఒకరు జెప్పేదేంది మేడం! పొట్లం జూడంగనే, 'నెలలు నిండకముందే దిగింది, వెల్తురుకు ఆగది' అన్నది. ఈ చుట్టుపక్కల మూడొందల కాన్పులు జేసిన మంత్రసాని మా అమ్మ, మీ పొట్లం మూడొందల ఒకటోది."